మొదటి ఇంకు పెన్ను ఏది కొనాలి? కామ్లినా, పైలట్టా, లామీయా, రాజమండ్రి పెన్నా, లేక తాతయ్య ట్రంకు పెట్టెలోదా?

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నా జేబు వంక చూసి "ఇంకు పెన్ను కొందామనుకుంటన్నానండి, ఏది కొనమంటారు" అని అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పేద్దామని మొదలెట్టి టీ చల్లారిపోయేదాకా చెప్పా, అంతా విని చివర్లో వాడు "అయితే ఏది కొనమంటారండి" అని మళ్ళీ మొదటికొచ్చాడు. ఆ కుర్రాడి కోసమూ వాడిలాగే నాలుగైదు పెన్నుల మధ్య ఊగిసలాడే వాళ్ళ కోసమూ కాస్త కుదురుగా రాద్దామని కూర్చున్నా.

నా దగ్గర ఇప్పుడు నలభై దాకా పెన్నులున్నాయి, మా ఆవిడ లెక్క ఇంకాస్త ఎక్కువే. మధ్యలో కొన్న పాతిక పెన్నులు ఎప్పుడు కొన్నానో ఎందుకు కొన్నానో అడిగితే చెప్పలేను గానీ మొదటి పెన్ను, మొదటి మరక, మొదటిసారి నా చేతికి తగ్గట్టు పాళీ సరిచేయించుకున్న రోజు, మొదటిసారి మంచి పెన్నుని చేతులారా పాడు చేసుకున్న రాత్రి, ఇవి మాత్రం నిన్న జరిగినట్టే ఉన్నాయి. అందుకే మొదటిది ఏది అన్న దాని గురించి ఇంత పట్టింపు. మొదటి పెన్ను ఏడిపించిందనుకోండి, చాలామంది వారంలో మళ్ళీ బాల్ పెన్ను పట్టుకుంటారు, మా తమ్ముడు అలాగే ఇంకు పెన్ను వదిలేశాడు.

ముందు ఏం చూడాలి

షాపులో అందరూ చూసేది రంగు, బరువు, క్లిప్పు మీద బంగారు పూత. నేను చూసేది ముందు తలకట్టు. నవ్వకండి. మన అక్షరం గుండ్రం, పాళీ ఒక పక్కకే లాక్కుపోతే సరిపోదు, చుట్టూ తిరగాలి, మీదికి తోయాలి. తలకట్టు పెట్టేటప్పుడు రెండో గీత కుడిపక్కకి పైకి పోతుంది చూడండి, సరిగ్గా అక్కడే గరుకు పాళీ కాగితం పీచుని పట్టుకుని గీరుకుంటుంది. కిందికి గీసినంతసేపూ వెన్నలా పోయిన పాళీ తలకట్టు దగ్గర దొరికిపోతుంది. షాపుల్లో పెన్ను ఇవ్వగానే మనవాళ్ళు సంతకం గీకి చూస్తారు లేదా సున్నాలు చుడతారు, దానివల్ల ఏమీ తెలీదు. "ద్రాక్షారామం" అని మూడుసార్లు రాయండి, "స్త్రీ", "జ్ఞానం", "లక్ష్మణుడు" రాయండి. ఒత్తులు ఒకదాంట్లో ఒకటి పూడుకుపోతే పాళీ మీకు లావైనట్టు, తలకట్టు దగ్గర గీరుకుంటే పాళీ సరిగా కూర్చోనట్టు. ఇంగ్లీషుకి మీడియం పాళీ బ్రహ్మాండంగా ఉంటుంది, మామూలు సైజు తెలుగు అక్షరాలకి మటుకు ఫైన్ అయితేనే ఒత్తు విడిగా కనిపిస్తుంది.

రెండోది నింపడం, కడగడం. ఇంకు పెన్ను కొన్నవాళ్ళలో సగం మంది మానేసేది ఇక్కడే. రెండు వారాలు డ్రాయర్లో పడేస్తే ఇంకు ఎండి పాళీ కింద ఇంకు అందించే నాలికలో గట్టిపడుతుంది, కడిగే ఓపిక ఉందా లేదా అన్నది మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

మూడోది మన వాతావరణం. ఏప్రిల్, మే ఎండలు ఒకెత్తు, ఆ తర్వాత నాలుగు నెలల చెమ్మ ఇంకో ఎత్తు. కోనసీమలో వానాకాలం కాగితం వేలితో తాకితేనే తెలిసిపోతుంది మెత్తబడిందని, అలాంటి కాగితం మీద ఇంకు పీచులు పీచులుగా పాకుతుంది, తప్పు పెన్నుదని తిట్టుకుంటాం.

నాలుగోది, పోతే ఎంత బాధపడతారు. మొదటి ఏడాదిలో పెన్ను ఎక్కడో ఒకచోట పోతుంది, లేదా ఎవరో "ఒకసారి ఇవ్వండి" అని తీసుకుని పాళీ పగిలేలా నొక్కి రాస్తారు. దీనికి మినహాయింపు నేను చూడలేదు.

ధరలు రాయట్లేదు, షాపుకో రేటు, వారానికో రేటు. ఎవరిది ఏ మెట్టో మాత్రం పట్టికలో పెట్టా.

| | కామ్లిన్ స్కూల్ పెన్ను | పైలట్ మెట్రోపాలిటన్ | లామీ సఫారీ | రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను | ఇంట్లో పాత పెన్ను |
|---|---|---|---|---|---|
| ఖర్చు | జేబులో డబ్బులు చాలు | ఒక మంచి చొక్కా | రెండు చొక్కాలు | పాళీని బట్టి, బంగారుదైతే చాలా ఎక్కువ | పెన్ను ఊరికే, రిపేరు కాదు |
| తలకట్టు | అదృష్టం | బాగా వస్తుంది | ఫైన్ కూడా కాస్త లావే | మీ చేతికి తగ్గట్టు చేయించుకోవచ్చు | ఎవరి చేతికి అలవాటుపడిందో దాన్ని బట్టి |
| ఇంకు ఎంత పడుతుంది | మోస్తరు | చాలా తక్కువ | మోస్తరు | చాలా ఎక్కువ | రకాన్ని బట్టి |
| కడగడం | తేలిక | తేలిక | తేలిక | తేలికే గానీ నీళ్ళలో నానబెట్టకూడదు | తెలిసినవాళ్ళే కడగాలి |
| పోతే | ఇంకోటి | రెండ్రోజులు బాధ | వారం బాధ | చాన్నాళ్ళు | ఇంట్లో గొడవ |

కామ్లిన్, హీరో, ఆ తరగతి పెన్నులు

నా మొదటి పెన్ను ఆరో తరగతిలో, కామ్లినే. పాళీ మొండికేస్తే తలకి రుద్దుకునేవాళ్ళం, నూనె తగిలి నున్నగా రాస్తుందని మా నమ్మకం, ఎక్కువ పడ్డ ఇంకుని సుద్దముక్కతో పీల్చేవాళ్ళం, ఆ సుద్దముక్క సాయంత్రానికి నీలంగా తయారయ్యేది. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకు పెన్ను గురించి నాకు తెలిసినవాటిలో ముప్పాతిక ఆ పెన్ను దగ్గరే నేర్చుకున్నా, ఎందుకంటే పాళీ పీకినా నాలిక ఊడదీసినా అడిగేవాళ్ళు లేరు. ఖరీదైనదైతే ముట్టుకోవడానికి కూడా భయపడేవాణ్ణి.

దీంతో చిక్కు ఏంటంటే పాళీకీ పాళీకీ పొంతన ఉండదు, ఒకే పెట్టెలోవి మూడు తీసి రాస్తే మూడు రకాలుగా రాస్తాయి. అందుకని షాపులో నాలుగు రాసి చూసి ఒకటి తెచ్చుకోండి. కొనకుండానే ఇంకు ముంచి రాయనిచ్చే షాపులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి, ఆ మర్యాద వాడుకోండి.

హీరో 616 గురించి అందరూ అడుగుతారు. చైనా పెన్ను, చూపుకి పార్కర్ 51 లాగే ఉంటుంది, పాళీ లోపల దాక్కుని కొస మాత్రం బయటికి కనిపిస్తుంది, నొక్కి ఇంకు పీల్చే గొట్టం. పాళీ అలా మూసుకుని ఉండటం వల్ల రాస్తూ రాస్తూ ఆగితే త్వరగా ఎండదు, మా ఎండలకి అది పెద్ద సుఖం. గొడవల్లా నకిలీలు. ఒక ఊళ్ళో ఒక షాపులో అర డజను కొన్నా, రెండు రాశాయి, మూడు ఇంకు కక్కాయి, ఒకటి అసలు పీల్చనే లేదు. ఆ రెండు మటుకు పదేళ్ళుగా రాస్తున్నాయి, దాన్ని ఏమనాలో నాకు తెలీదు.

పైలటా లామీయా

ఇది మధ్యతరగతి ధర్మసంకటం. రెండూ పెట్టె విప్పగానే రాస్తాయి, రెండింటికీ పాళీ నమ్మకంగా ఉంటుంది, సరదా కోసం కాకుండా రోజూ రాసుకోవడానికే కావాలనుకునేవాళ్ళకి ఈ రెండిట్లో ఒకటి చాలు.

పైలట్ మెట్రోపాలిటన్ ఇత్తడి ఒళ్ళు, చేతికి బరువు తెలుస్తుంది. జపాన్ ఫైన్ అంటే నిజంగానే సన్నం, మన ఒత్తులకి కొలిచి చేసినట్టుంటుంది. నాకు నచ్చనిది దాని ఇంకు గొట్టం, కాన్-40 అంటారు, పట్టేది 0.4 మిల్లీలీటరు. రోజుకి నాలుగు పేజీలు రాసేవాడు రెండు మూడు రోజులకోసారి బుడ్డి తియ్యాలి. పైగా పైలట్ కార్ట్రిడ్జి, అంటే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం, పైలట్‌కే సరిపోతుంది, అమలాపురంలో సాయంత్రం ఏడింటికి ఇంకు అయిపోతే ఏ షాపులో అడుగుతారు? బుడ్డి ఇంకు అలవాటు చేసుకోవాల్సిందే.

లామీ సఫారీ 1980 నుంచీ వస్తున్న జర్మనీ పెన్ను, తయారయ్యేది హైడెల్‌బర్గ్‌లో, కంపెనీని మటుకు 2024లో జపాన్ మిత్సుబిషి పెన్సిల్ వాళ్ళు కొనేశారు. ప్లాస్టిక్కే గానీ గట్టిది, క్లిప్పు పెద్ద కమ్మీలా ఉండి చొక్కా జేబుని వదలదు, ఒంటి మీదే కిటికీ ఉంటుంది కాబట్టి ఇంకు ఎంతుందో తెలుస్తుంది. పాళీ లాగేసి ఇంకోటి తొడుక్కోవచ్చు, నాకు ఇందులో బాగా నచ్చేది అదే, ఒక్క పెన్ను కొని రెండు పాళీలు పెట్టుకుంటే రెండు పెన్నులున్నట్టే. అయితే పట్టుకునే చోట మూడు పలకలుగా ఉంటుంది, అందరూ ఇలాగే పట్టుకోవాలి అని ఆజ్ఞాపించినట్టు. మా ఆవిడ పెన్ను పట్టే తీరు వేరు, పావుగంట రాసి "ఇదేంటి, చెయ్యి మెలిపెట్టినట్టుంది" అని పక్కన పడేసింది. కొనేముందు ఎవరిదైనా అడిగి ఒక పేజీ రాసి చూడండి. కన్వర్టర్, అంటే బుడ్డిలోంచి ఇంకు పీల్చుకునే గొట్టం, చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

తెలుగే ఎక్కువ రాస్తే పైలట్, ఇంగ్లీషూ సంతకాలూ ఎక్కువైతే లామీ. నా లెక్క అంతే.

రాజమండ్రి పెన్ను

ఇక్కడికొచ్చాక నేను న్యాయంగా మాట్లాడలేను, ముందే చెప్పేస్తున్నా. మన గోదావరి జిల్లాల వాళ్ళకి బస్సు దూరంలో ఇది ఉండటం మన అదృష్టం, హైదరాబాదు వాళ్ళు కూడా పార్సిలు తెప్పించుకోవాల్సిందే. గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని కె.వి. రత్నంగారు 1932లో మొదలెట్టిన రత్నం పెన్స్ ఉంది, వాళ్ళ పెన్ను వాడి బాగుందని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారు. గైడర్ పెన్నులూ రాజమండ్రివే.

ఎబొనైట్ అంటే గట్టి రబ్బరు, రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి గంటల తరబడి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేతు మీద తిప్పి, తొలిచి, మరలు కోసి, ఎమరీతో రుద్ది పెన్ను చేస్తారు. కొత్తది క్యాప్ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఓ వాసన వస్తుంది, సైకిల్ ట్యూబు, అగ్గిపుల్ల గుర్తొచ్చే వాసన. మా చిన్నది పసిగా ఉన్నప్పుడు "నాన్న వాసన" అనేది దాన్ని.

నా మొదటి ఎబొనైట్ కొన్న రోజు అక్కడి పెద్దాయన డబ్బుల సంగతి ఎత్తకుండా ఒక తెల్ల కాగితం ముందు పెట్టి "ఏదన్నా రాయండి చూద్దాం" అన్నారు. నేను పేరూ ఊరూ రాసా. ఆయన కాగితం వంక చూడలేదు, నా వేళ్ళ వంక చూస్తన్నారు. పెన్ను తీసుకుని పాళీని బొటనవేలి గోటి మీద చిన్నగా నొక్కి, కళ్ళద్దం పెట్టుకుని చూసి, ఏదో సన్న రాయి మీద ఎనిమిది అంకె చుట్టినట్టు రుద్ది ఇచ్చి "తలకట్లు పెట్టండి, వరసగా" అన్నారు. పెట్టా. మూడోసారికి గీరుడు పోయింది. తలకట్టు పరీక్ష నేను నేర్చుకున్నది అక్కడే, పైన నా సొంతంలా చెప్పుకున్నా గానీ.

దీంట్లో ఇంకు నేరుగా ఒంట్లోకే పోస్తాం, ఫిల్లర్‌తో. రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, పెద్దదైతే ఇంకా ఎక్కువ, పరీక్షలు రాసేవాళ్ళకి వారం ఢోకా లేదు. కానీ ఇలా పోసే పెన్నులన్నిటికీ ఒక గుణం ఉంది, ఇంకు పావు వంతుకి దిగాక మిగతా ఒళ్ళంతా గాలి కదా, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని బయటికి తోస్తుంది, టపీమని ఓ చుక్క.

ఇది నాకు పాలకొల్లులో ఒక పెళ్ళిలో తెలిసింది. అప్పటికి ఎబొనైట్ ఇంకా కొనలేదు, అద్దంలా లోపల ఇంకు కనిపించే ప్లాస్టిక్ పెన్ను ఒకటి కొత్తగా కొన్నా, అందరికీ కనపడాలని చదివింపులు రాసే చోట నేనే కూర్చున్నా. మే నెల, షామియానా కింద, ఇంకు అడుగంటింది. ఒక పెద్దాయన పేరు రాసి అంకె వేసి పైకి చూసి నవ్వి మళ్ళీ కిందికి చూసేసరికి అంకె ఉన్నచోట రూపాయి బిళ్ళంత నీలి మడుగు. ఆయన ఇచ్చింది 516 రూపాయలా 1116 రూపాయలా అన్నది ఆ రెండిళ్ళ మధ్యా ఇప్పటికీ తేలలేదు, తిరిగి పెట్టాల్సిన రోజున మళ్ళీ నా పేరే వచ్చింది.

ఎబొనైట్‌లో ఆ బాధ తక్కువ, వేడి దాంట్లోంచి తొందరగా పాకదు. అస్సలు ఉండదని చెప్పను. సగానికి దిగగానే నింపేసుకోండి, మరల మీద సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి, వేజలైన్ వద్దు.

ఇక దీని ఇబ్బందులు. క్యాప్ మరలు మూడు నాలుగు చుట్లు తిప్పితే గానీ ఊడదు, కౌంటర్లో నిమిషానికో సంతకం పెట్టేవాళ్ళకి ప్రాణం విసుగొస్తుంది. ఎండలో, నీళ్ళలో పెడితే నలుపు పోయి మట్టిరంగు వస్తుంది. చేత్తో చేసింది కాబట్టి ఒక్కోసారి రెండోసారి తీసుకెళ్ళి పాళీ సరిచేయించుకోవాల్సి వస్తుంది, బస్సులో వెళ్ళిరాగలిగే మనకి అది పనిలో పని, దూరాన ఉండేవాళ్ళకి తలనొప్పి. మొదట్లోనే బంగారు పాళీ అడగొద్దు. స్టీలు పాళీ కొసకి కూడా గట్టి లోహం బొట్టే ఉంటుంది, కాగితానికి తగిలేది ఆ బొట్టు, మిగతా బంగారం మన సంతోషానికి.

తాతయ్య ట్రంకు పెట్టెలోది

మా తాతయ్య మాస్టారు. ఆయన పోయాక పెట్టెలో రిజిస్టర్ల కింద నల్ల పెన్ను దొరికింది, లోపల ఇంకు రాయిలా ఎండిపోయింది. ఊరికే వచ్చిన పెన్ను కంటే మంచి మొదటి పెన్ను ఏముంటుంది అనుకున్నా. స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పోసి అందులో వేసి పడుకున్నా. పొద్దున్నే తీసి చూస్తే నల్లగా నిగనిగలాడిన పెన్ను పాచిపట్టిన గట్టు రంగులో ఉంది, ఒక పక్క పచ్చగా ఒక పక్క గోధుమగా, క్యాప్ మటుకు నల్లగానే, ఎందుకంటే అది నీళ్ళకి పైన ఉండిపోయింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు, గ్లాసు మాత్రం కడిగి విడిగా పెట్టేసింది.

కాబట్టి ఇది మొదటి పెన్నుగా వద్దు, ఐదోదిగా బాగుంటుంది. చేతిలోకొచ్చిందా, తడి గుడ్డతో పైపైన తుడిచి, పాళీ కొస వరకే చల్లనీళ్ళలో కాసేపు ఉంచి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. లోపల రబ్బరు సంచి ఉండే రకమైతే అది ఎలాగూ గట్టిపడో జిగురై పోయో ఉంటుంది, మార్చాలి.

ఇంకు మాట రెండు ముక్కలు

మొదటి బుడ్డి మామూలు నీలం, కామెల్‌దో పార్కర్ క్వింకో, 1934 నుంచి ఉన్న బెంగాల్ సులేఖో, నీళ్ళకి పోయే రకం కొనండి. చొక్కాకీ మీకూ మంచిది. వాన తగిలినా చెరగకూడని రిజిస్టర్లకి పర్మనెంట్ బ్లూబ్లాక్ వేరే పెన్నులో పోసుకోండి. బొమ్మలు గీసే వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పొయ్యొద్దు, లోపల లక్కలా ఎండి పెన్ను పనికిరాకుండా పోతుంది. కడగడానికి మామూలు నీళ్ళు చాలు.

మీరు ఎవరు

డిగ్రీ, పోటీ పరీక్షలకి రాసే పిల్లలు కామ్లిన్‌తో మొదలెట్టి, నెల తర్వాత కూడా రాస్తుంటే రాజమండ్రిలో స్టీలు పాళీ ఎబొనైట్ తీసుకోండి, ఇంకు గొడవ ఉండదు. కౌంటర్లో కూర్చునేవాళ్ళకి టక్కున లాగే క్యాప్ కావాలి, పైలటూ లామీ రెండూ అలాంటివే. రాత్రి పూట డైరీ రాసుకునేవాళ్ళు, ఉత్తరాలు రాసే అలవాటు ఇంకా మిగిలినవాళ్ళు తిన్నగా రాజమండ్రి వెళ్ళిపోండి, క్యాప్ నాలుగు చుట్లు తిప్పే తీరిక మీకుంది. ఎవరికైనా బహుమతి ఇద్దామనుకునేవాళ్ళు లామీ కొనండి, ఆయన ఏ చేత్తో ఎలా రాస్తాడో మీకు తెలీదు కాబట్టి నచ్చకపోతే పాళీ మార్చుకుంటాడు, పట్టు కుదరకపోతే మా ఆవిడలాగే పక్కన పడేస్తాడు, అప్పుడు మీరు అడిగి తెచ్చుకోవచ్చు.

కూడబెట్టే పిచ్చి తగులుతుందని ముందే అనుమానం ఉన్నవాళ్ళు ఒకటే పాటించండి, ఒక పెన్నులో బుడ్డి ఇంకు సగమన్నా రాసి అవ్వగొట్టాకే రెండోది. నేను పాటించలేదు.

మా ఆఫీసు కుర్రాడు చివరికి రెండు కామ్లిన్లు కొన్నాడు, ఒకటి వాడికీ ఒకటి వాళ్ళ చెల్లికీ. వచ్చే ఆదివారం నాతో రాజమండ్రి వస్తానన్నాడు. రోజూ రాసే నోటుబుక్కే వెంట తెచ్చుకోమన్నా, షాపులో ఇచ్చే నున్నటి కాగితం మీద ఏ పాళీ అయినా బాగానే రాస్తుంది.